గ్రబ్ పోయిందని ఫార్మాట్ కొట్టకు తమ్ముడూ

తమ్ముడూ,

అప్‌డేట్ అయ్యాక, ఆన్ చెయ్యగానే ఉబుంటు (లినక్స్) కావాలా విండోస్ కావాలా అని అడిగే గ్రబ్ మెనూ రావట్లేదు, సరాసరి విండోస్‌లోకే పోతోంది అన్నావ్ కదా, నీ ఉబుంటు ఎక్కడికీ పోలేదు, ఫైళ్ళన్నీ డిస్క్‌లో దానికి కేటాయించిన భాగంలో, అంటే దాని పార్టిషన్‌లో, పదిలంగానే ఉంటాయి. మొదటిసారి నాకిలా అయినప్పుడు కంగారులో మళ్ళీ ఇన్‌స్టాల్ పెట్టి, హోమ్ పార్టిషన్ పక్కన ఫార్మాట్ టిక్ ఉందో లేదో కూడా చూడకుండా నెక్స్ట్ కొట్టేశా, రెండేళ్ళ ఫొటోలు పోయాయి. ఇప్పటికీ తలుచుకుంటే బాధే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ముందు విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి ఆ 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకో. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) ఏదైనా మారిస్తే విండోస్ ఆ కీ అడగొచ్చు, అప్పుడు వెతుక్కుంటే కష్టం.

తర్వాత బయోస్‌లోకి వెళ్ళి బూట్ ఆర్డర్, అంటే ముందు ఏది తెరుచుకోవాలనే వరుస, చూడు. చాలాసార్లు ఉబుంటు పేరు అక్కడే ఉంటుంది, విండోస్ బూట్ మేనేజర్ కింద పడి ఉంటుంది అంతే, పైకి జరిపి సేవ్ చేస్తే అయిపోతుంది.

పేరే లేకపోతే లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే ఉబుంటు నడిపే పెన్‌డ్రైవ్) పెట్టు, అది పాత లెగసీ పద్ధతిలో కాకుండా యూఈఎఫ్ఐ మోడ్‌లోనే బూట్ అవ్వాలి, ఇది మర్చిపోతే మిగతా కష్టమంతా వేస్ట్. రూట్ పార్టిషన్ (ఉబుంటు ఉన్నది) మౌంట్ చేసి, అంటే తెరిచి, దాని లోపల బూట్‌లో ఉన్న ఈఎఫ్ఐ ఫోల్డర్ మీద బూట్ ఫైళ్ళుండే ఆ చిన్న ఫ్యాట్32 పార్టిషన్ మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ ఫోల్డర్లు మూడూ ఆర్‌బైండ్ చేసి (అక్కడ కూడా కనపడేలా కలిపి), క్రూట్ అయ్యి (నీ ఉబుంటు లోపలికి వెళ్ళి), గ్రబ్ ఇన్‌స్టాల్ (grub-install), ఆ వెంటనే అప్‌డేట్ గ్రబ్ (update-grub) కమాండ్లు కొట్టు. ఆ ఫ్యాట్32 పార్టిషన్‌ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఫార్మాట్ చెయ్యకు, విండోస్ బూట్ ఫైళ్ళు కూడా అందులోనే ఉంటాయి, రెండూ పోతాయి.

మెనూ వచ్చి అందులో విండోస్ కనపడకపోతే భయపడకు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి వేరే ఓఎస్‌లను వెతికి మెనూలో చేర్చే ఓఎస్ ప్రోబర్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటోంది, గ్రబ్ డీఫాల్ట్ ఫైల్‌లో (/etc/default/grub) డిజేబుల్ ఓఎస్ ప్రోబర్ (GRUB_DISABLE_OS_PROBER) అనే లైన్‌కి ఫాల్స్ (false) పెట్టి మళ్ళీ అప్‌డేట్ గ్రబ్ కొట్టు.

ఒకవేళ స్క్రీన్ మీద షిమ్ (shim, గ్రబ్ కన్నా ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్), ఎస్‌బ్యాట్ (SBAT) అని ఎర్రర్ వస్తే అది వేరే సంగతి, 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత చాలామందికి వచ్చింది. దానికి బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్ ఫైళ్ళనే నడవనిచ్చే రక్షణ) ఆపి, లినక్స్‌లో షిమ్ ప్యాకేజీ అప్‌డేట్ చేసి, మళ్ళీ ఆన్ చేసుకోవాలి. ఆఫ్‌లోనే వదిలెయ్యకు.

కీ రాసుకున్నాకే మొదలుపెట్టు. బూట్ ఆర్డర్ స్క్రీన్ ఫొటో తీసి పంపు, చూసి చెప్తా.