పిల్లోడికి బీరు ఎవరిచ్చారు? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. వయసు అడక్కుండా పిల్లలకి మందు అమ్మేస్తున్నారు, పోలీసులు ఏం చేస్తున్నట్టు అని. అందుకే ఈ పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: మావాడు ఇంటర్ సెకండియర్, 17 ఏళ్ళు. ఫ్రెండ్ బర్త్‌డే అని వెళ్ళి తాగొచ్చాడు, బ్యాగులో ఖాళీ బీరు సీసా దొరికింది. గట్టిగా అడిగితే కాలేజీ దగ్గర వైన్స్‌లోనే కొన్నాం, ఎవరూ ఏం అడగలేదు అన్నాడు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఎక్సైజ్ వాళ్ళకి చెప్పుకోమన్నారు, అక్కడేమో కాగితం రాసిచ్చి వెళ్ళమన్నారు. అసలు ఇది ఎవరి పనండి? – ఒక అమ్మ, హైదరాబాద్

జవాబు: ఇద్దరి పనీ అమ్మా, అందుకే ఎవరూ మీద వేసుకోరు. షాపు లైసెన్సు ఎక్సైజ్ వాళ్ళది. తెలంగాణలో అయినా ఆంధ్రాలో అయినా 21 నిండనివాళ్ళకి అమ్మకూడదు, అమ్మితే లైసెన్సు మీద చర్య తీసుకునేది ఎక్సైజే. మీవాడికి 18 కూడా నిండలేదు కాబట్టి ఇంకో చట్టం కూడా వస్తుంది, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, సెక్షన్ 77. డాక్టర్ చీటీ లేకుండా పిల్లలకి మద్యం ఇచ్చినవాళ్ళకి ఏడేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. ఇంత శిక్ష ఉండి కూడా స్టేషన్‌లో ఎందుకు నసుగుతారంటే, 2021లో ఈ చట్టానికి ఒక సవరణ తెచ్చారు, మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ మధ్య శిక్ష పడే నేరాల్ని నాన్ కాగ్నిజబుల్ చేసేశారు, అంటే మెజిస్ట్రేట్ ఆర్డర్ లేకుండా పోలీసులు నేరుగా దర్యాప్తు మొదలెట్టలేరు. పిల్లల చట్టంలో ఇలాంటి సవరణ ఎందుకు తెచ్చారో తెచ్చినవాళ్ళకే తెలియాలి!

ఇప్పుడు మీరు చేయాల్సింది ఏంటంటే, ముందు ఆ సీసా పారేయకండి. మూత దగ్గర అంటించే ఎక్సైజ్ లేబుల్ మీద కోడ్ ఉంటుంది, ఆ సరుకు డిపో నుంచి ఏ షాపుకి వెళ్ళిందో డిపార్ట్‌మెంట్ వాళ్ళు దాంతో చూసుకోగలరు. మీవాడు కొన్న తేదీ, టైము అడిగి రాసుకోండి, ఫోన్‌పేలో కట్టి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ ఇంకా మంచిది. షాపు కెమెరా ఫుటేజీ కొన్నాళ్ళకి దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి ఆ టైము ఫుటేజీ వెంటనే తీసుకోండి అని ఎక్సైజ్ స్టేషన్‌లో రాసిచ్చి, ఆ కాగితం కాపీ మీద స్టాంపు వేయించుకోండి. స్టాంపు లేని కంప్లైంటు ఉన్నా లేనట్టే. అదే కాపీ పోలీస్ స్టేషన్‌లో కూడా ఇవ్వండి, కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పట్టుకెళ్ళండి. పిల్లల విషయం కాబట్టి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చెప్పొచ్చు. పిల్లాడి మీద కేసు అవుతుందేమోనని భయపడకండి, ఈ సెక్షన్ పడేది ఇచ్చినవాడి మీద.

ప్రశ్న: అన్నా, నేను వైన్స్‌లో కౌంటర్ మీద పనిచేస్తా. రాత్రి తొమ్మిదిన్నర దాటితే గ్రిల్ సందుల్లోంచి ముప్పై చేతులు లోపలికి వస్తయ్, ఫోన్‌పే డబ్బా మోగుతనే ఉంటది, ఎవని మొహం చూడాలె? అడిగితే ఓనర్ సేల్ పోతది అంటడు. – కరీంనగర్

జవాబు: తమ్ముడూ, నీ బాధ అర్థమైంది కానీ ఒక్కటి చెప్తా విను, లైసెన్సు ఓనర్‌ది, సెక్షన్ 77 మాత్రం సీసా అందించిన చేతి మీద కూడా పడుతుంది. సేల్ పోతే ఓనర్‌కి నష్టం, కేసైతే కోర్టు చుట్టూ తిరిగేది నువ్వు. మీసం రాని మొహం కనిపిస్తే ఆధార్ అడుగు, లేదంటే లైసెన్స్ అడుగు, అయితే డ్రైవింగ్ లైసెన్స్ ఉంది కదా అని ఇచ్చెయ్యకు, అది 18కే వస్తుంది, అందులో పుట్టిన తేదీ చదవాలి. బయట పిల్లల్ని నిలబెట్టి పెద్దోడొకడు వచ్చి కొంటున్నాడని నీకు కనిపిస్తూనే ఉంటే వాడిక్కూడా ఇవ్వకు, పిల్లలకి అందిస్తే ఆ పెద్దోడి మీద కూడా అదే సెక్షన్. పర్మిట్ రూమ్‌లో కూర్చున్నవాళ్ళ సంగతి కూడా ఇంతే.

ప్రశ్న: మా అక్క కొడుకు డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. ఫ్రెండ్ వాళ్ళ మామయ్య గ్యాస్ స్టేషన్‌లో (పెట్రోల్ బంకు, అక్కడ బీరు కూడా అమ్ముతారు) సాయంత్రాలు కౌంటర్‌లో నిలబడతా అంటున్నాడు. అక్కడ పోలీసులే కుర్రాళ్ళని పంపి బీరు కొనిపించి మరీ పట్టుకుంటారట, నిజమేనా? – ఖమ్మం

జవాబు: నిజమేనండి. అమెరికాలో 1984లో కేంద్రం ఒక చట్టం తెచ్చి, వయసు 21 పెట్టని రాష్ట్రాలకి హైవే నిధుల్లో కోత అంది, దాంతో అందరూ దారికొచ్చారు. ఆ తర్వాత లోకల్ పోలీసులు, రాష్ట్ర లిక్కర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు కలిసి వయసు చాలని కుర్రాణ్ణి షాపులోకి పంపడం మొదలెట్టారు. ఇది మోసం కదా అని కాలిఫోర్నియాలో షాపులవాళ్ళు కోర్టుకెక్కితే 1994లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు తప్పేం లేదంది. తర్వాత అక్కడ రూల్స్ కూడా రాశారు, పంపే కుర్రాడికి 20 నిండకూడదు, చూడ్డానికి కూడా చిన్నవాడిలాగే ఉండాలి, వయసు అడిగితే నిజం చెప్పాలి, కార్డు చూపిస్తే తన సొంత కార్డే చూపించాలి. అంటే అడిగితే దొరికిపోయే పిల్లాణ్ణే పంపుతారు, అయినా షాపులు దొరుకుతూనే ఉన్నాయి, ఎందుకంటే కార్డు చేతిలో పట్టుకుని కూడా లెక్క వేయరు. మనవాళ్ళకి ఇంకో చిక్కుంది, అక్కడ తేదీలో నెల ముందొస్తుంది. కార్డు మీద 09/04 అని ఉంటే అది సెప్టెంబరు 4, మనోడు అలవాటుగా ఏప్రిల్ 9 అనుకుంటే ఐదు నెలలు ముందే అమ్మేసినట్టు. టెక్సాస్‌లో 21 నిండనివాళ్ళ లైసెన్స్ కార్డు నిలువుగా ఉంటుంది, ఏ తేదీకి 21 వస్తుందో కూడా దాని మీదే ఉంటుంది, ముందు అది చూడమనండి.

దొరికితే టెక్సాస్‌లో క్లాస్ ఏ మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరాల్లో అన్నిటికన్నా పెద్దది, ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా ఫైను. కుర్రాడు అచ్చం అసలుదానిలా ఉన్న దొంగ కార్డు, తన పోలికలున్న ఫోటోతో చూపించి ఉంటే చట్టం క్లర్క్‌ని వదిలేస్తుంది, ఏం చూడకుండా అమ్మితే మాత్రం వదలదు. సెల్లర్ ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉందా అంటే, అది ఓనర్ లైసెన్సుని కాపాడుతుంది కానీ క్లర్క్‌ని కాదు.

అయినా ఇదంతా తర్వాత సంగతి. చదువుకునే వీసా మీద ఉన్నవాడు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే అక్కడ ఉండే అర్హతే (స్టేటస్) పోతుంది. దాని మీద అరెస్టు కూడా అయితే, వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ప్రతిసారీ ఎదురొస్తుంది. వద్దని చెప్పండి బాబాయ్ గారూ, మామయ్య ఎంత మంచివాడైనా సరే.

ప్రశ్న: మా ఊళ్ళో బెల్టు షాపు ఉంది. పక్కింటాయన రోజూ ఆరో తరగతి చదివే కొడుకుని పంపి క్వార్టర్ తెప్పించుకుంటాడు. పిల్లాడు తాగట్లేదు కదా, తప్పేముంది అంటాడు. – నల్గొండ జిల్లా

జవాబు: తాగక్కర్లేదండి, మోయిస్తే చాలు. అదే చట్టంలో సెక్షన్ 78, పిల్లల చేత మందు మోయించినా అమ్మించినా ఏడేళ్ళు, లక్ష. బెల్టు షాపుకి లైసెన్సే ఉండదు కాబట్టి అది మొత్తంగా ఎక్సైజ్ నేరం, మీ పేరు చెప్పకుండా 100కి ఫోన్ చేసినా చాలు.

ప్రశ్న: మా బావ 16 ఏళ్ళ కొడుక్కి ఇంట్లోనే బీరు పోస్తాడు, బయట తాగేకన్నా నయం అని. కారు తాళాలు కూడా వాడికే. – విజయవాడ

జవాబు: 2024 మే 19న పుణెలో జరిగింది మీ బావగారికి గుర్తుచేయండి. 17 ఏళ్ళ కుర్రాడు బార్‌లో తాగి పోర్షే కారు నడిపి ఇద్దరు యువ ఇంజనీర్ల ప్రాణాలు తీశాడు. మహారాష్ట్రలో బీరుకి 21, విస్కీలాంటివాటికి 25 ఉండాలి, అయినా కుర్రాడికి పోశారు. మూడొందల పదాల వ్యాసం రాయమని బెయిలిచ్చారని దేశమంతా తిట్టింది కానీ ఆ తర్వాత తండ్రినీ, బార్ వాళ్ళనీ కూడా అరెస్టు చేశారు. ఇంట్లో పోసినా సెక్షన్ 77 అదే, అందులో నాన్నకి మినహాయింపు లేదు. ఇక కారు సంగతి. మైనర్ నడిపి ఏదైనా నేరం చేస్తే తల్లిదండ్రులకో ఓనర్‌కో మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, కుర్రాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ముందు ఆ తాళాలు తీసుకోమనండి, బీరు గురించి తర్వాత కూర్చుని పోట్లాడుకోవచ్చు.

ప్రశ్న: నాకు 19. యానాంలో అయితే కొనొచ్చా? – కాకినాడ

జవాబు: కొనొచ్చు, పుదుచ్చేరి చట్టంలో 18 చాలు. కానీ ఆ సీసా పట్టుకుని ఆంధ్రాలోకి వస్తే ఇక్కడ పన్ను కట్టని మందు కింద కేసు రాస్తారు, చెక్‌పోస్టులో బ్యాగులు తెరిచి చూస్తారు. బండి మీద వెళ్ళి తాగి అదే బండి మీద తిరిగొస్తే సంగతి వేరే చెప్పక్కర్లేదు, వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే 10,000 ఫైను, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.