బాడుగ ఇంట్లో జేజమ్మ సామాను

ప్రశ్న: మాది ఆత్మకూరు దగ్గర పల్లె. ఉద్యోగం కోసం నెల్లూరు వచ్చి వేదాయపాళెంలో రెండు గదుల ఇంట్లో బాడుగకు ఉంటున్నాము. ఊళ్ళో పెంకుటిల్లు విప్పేటప్పుడు మా జేజమ్మ వాడిన ఇత్తడి గంగాళం, రెండు రాగి బిందెలు, కుంచం, మానిక, సోల, టేకు పెట్టె, కొన్ని పాత ఫొటోలు మా వాటాకు వచ్చాయి. వాటితోనే ఇల్లు కళగా అమర్చుకోవాలని నా కోరిక. ఖర్చు పెట్టగలిగింది 10,000 రూపాయలు మాత్రమే. గోడలకు మేకులు కొట్టవద్దని ఇంటాయన ముందే చెప్పారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మీ వాటాకు వచ్చిన వాటిలో ఫొటోలు తప్ప చూసుకోవడానికని చేయించిన వస్తువు ఒక్కటీ లేదు. గంగాళం నీళ్ళకు, కుంచం గింజలకు, పెట్టె బట్టలకు చేయించినవి. వాటిని తోమి వరుసగా పేర్చితే మీ రెండు గదులు పాత్రల కొట్టులా కనిపిస్తాయి. ఒక్కొక్క దానికి మీ ఇంట్లో ఏదో ఒక పని అప్పగిస్తే ఇంటికి కళ దానంతట అదే వస్తుంది. అందుకని ముందుగా ఏ వస్తువు ఎక్కడ పెట్టాలని కాకుండా, ఏది ఏ పనికి వస్తుందని ఆలోచించండి.

పెట్టెతో మొదలుపెట్టండి. ముందు గదిలో దాని మీద పలుచని పరుపు, శుభ్రమైన దుప్పటి వేస్తే ఇద్దరు కూర్చునే ఆసనం అవుతుంది. లోపల బొంతలు, దుప్పట్లు దాచుకోవచ్చు, సోఫా కొనే పని తప్పుతుంది. అయితే దానిని నేరుగా నేల మీద ఉంచకండి. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది కనుక, ఆ రోజుల్లో చెమ్మ పట్టిన నేల నుంచి చెదలు పెట్టె అడుగుకు చేరడం తేలిక. నాలుగు మూలలా చెక్క దిమ్మెలు పెట్టి, గోడకు నాలుగు వేళ్ళ ఎడం వదలండి. రంగు మాత్రం వేయించవద్దు. పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, అవిసె నూనె పలుచగా రుద్ది, మిగిలిన నూనెను వెంటనే తుడిచివేస్తే టేకు తన రంగులో తాను మెరుస్తుంది. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూలన పడవేయకండి. అవిసె నూనె గాలికి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డ దానంతట అదే అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్ళలో తడిపి, ఆరుబయట పరచి ఆరవేయండి.

గంగాళాన్ని గుమ్మం పక్కన పెట్టి, పండుగ రోజున నీళ్ళు పోసి పూలు వేయవచ్చు. మరునాడు ఆ నీళ్ళు పారబోయండి, నిలవ నీరు దోమలకు నిలయం. మిగతా రోజుల్లో అందులో మొక్క కుండీ పెట్టుకోవచ్చు, కుండీ కింద పళ్ళెం ఉండాలి. మట్టిని నేరుగా గంగాళంలో నింపితే చెమ్మ, ఎరువుల ఉప్పు కలిసి ఇత్తడిని తినేస్తాయి. రాగి బిందెల్లో మంచినీళ్ళు నింపుకోండి గాని మజ్జిగ, నిమ్మరసం వంటి పులుపు పోయకండి.

తోమడం గురించి ఒక మాట నొక్కి చెప్పాలి. మన ఇళ్ళలో సారెగా ఇచ్చిన పాత్రల మీద పేర్లు చెక్కించే అలవాటు ఉండేది. మీ బిందెల అంచు కింద వేలితో తడిమి చూడండి, మీ జేజమ్మ పేరో, ఆమె పుట్టింటి వారి పేరో ఉండవచ్చు. వారం వారం ఇనుప పీచుతో రుద్దితే మొదట పోయేది ఆ పేరే. చింతపండు, ఉప్పు కలిపి చేత్తో మెల్లగా రుద్ది, నిమిషాల్లో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. అదైనా పండుగకు ఒకసారి చాలు. కాస్త నల్లబడిన రాగి పాడైపోయినట్టు కాదు, పేరు అరిగిపోయిన బిందె మాత్రం ఎవరిదో చెప్పలేని బిందె అవుతుంది.

కుంచం, మానిక, సోల వంటింట్లోనే ఉండనివ్వండి. మానికను బియ్యం డబ్బాలో వేసి రోజూ దానితోనే కొలవండి. నాలుగు సోలలైతే ఒక మానిక అని మీ పిల్లలు పుస్తకం చూడకుండానే నేర్చుకుంటారు. ఒకప్పుడు మొలగొలుకుల వడ్లు కొలిచిన కుంచంలో ఈనాడు గరిటెలు నిలబెట్టుకున్నా దానికి లోటేమీ లేదు. ఆ గరిటెలు ఉదయగిరి చెక్క గరిటెలైతే మరీ అందం, వాటికి పెద్ద ఖర్చు కూడా కాదు.

ఇక గోడలు. సున్నం లేదా డిస్టెంపరు వేసిన గోడకు అంటించే కొక్కేలు నిలవవు, రంగు పెచ్చుతో సహా ఊడి వస్తాయి. వాటిని నమ్మి ఫొటో తగిలించకండి. తలుపుల్లేని అలమర గాని, గోడ గూడు గాని ఉంటే ఫొటోలన్నీ అక్కడే ఒకచోట నిలబెట్టండి. లేకపోతే పెట్టె పక్కన చిన్న బల్ల వేసి గోడకు ఆనించండి. అసలు ఫొటోలను మాత్రం బయట పెట్టవద్దు, స్కాను చేయించి ప్రతులకే ఫ్రేము కట్టించండి. మా తాతగారి ఒకే ఒక్క ఫొటోను అద్దానికి ఆనించి బిగించారు. రెండు వానాకాలాల చెమ్మకు అది అద్దానికి అంటుకుపోయి, విడదీయబోతే ముఖం సగం అద్దం మీదే మిగిలింది. ఆ బాధ మరొకరికి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. ప్రతికైనా అద్దానికీ కాగితానికీ మధ్య అట్ట అంచుతో ఎడం ఉండేలా చూడండి.

డబ్బు విషయానికి వస్తే స్కానుకు, ఫ్రేములకు 3,000, పరుపుకూ దుప్పటికీ 3,000, పసుపు వెలుగునిచ్చే రెండు ఎల్‌ఈడీ దీపాలకు 1,000 రూపాయలు దాటనివ్వకండి. మిగిలింది అలాగే దాచండి. బాడుగ ఇల్లు ఏదో ఒకనాడు మారక తప్పదు, ఆ రోజున ఈ సామాను సొట్టలు పడకుండా చేర్చడానికి అది అక్కరకు వస్తుంది.

ప్రశ్న: తాతగారి ఇంటి వసారాలో ఉన్న జింక కొమ్ములను మా బాడుగ ఇంటి హాల్లో పెట్టుకోవాలని ఉంది. పెట్టుకోవచ్చా?
— ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: ఇప్పుడే కదిలించకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇటువంటి వాటికీ వర్తిస్తుంది. యాజమాన్య ధ్రువపత్రం మీ పెద్దల కాగితాల్లో ఉందేమో వెదకండి. ఉన్నా లేకున్నా ముందు అటవీ శాఖ కార్యాలయంలో అడిగి, వారు చెప్పినట్టు చేయండి. వాటిని ఎవరికీ అమ్మవద్దు, బహుమతిగా ఇవ్వవద్దు.

ప్రశ్న: మా అమ్మమ్మ వెంకటగిరి జరీ చీర ఒకటి నడుమ చిరిగిపోయింది. కట్టుకోవడానికి ఎటూ పనికిరాదు కదా అని, కత్తిరించి కిటికీ తెరలు, దిండు గలీబులు కుట్టించాలనుకుంటున్నాను. మీ సలహా ఏమిటి?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: దయచేసి కత్తెర పెట్టకండి. వెంకటగిరి జాందానీ బుటాలను నేత నేసేటప్పుడే విడి పోగులతో ఒక్కొక్కటిగా చేత్తో అల్లుతారు. కోసిన అంచున ఆ పోగులు జారి బుటా విడిపోతుంది. పైగా కిటికీ తెరగా వేస్తే మన ఎండకు రంగు వెలిసి, నూలు పెళుసుబారుతుంది. తెరలకు కొత్త నూలు గుడ్డ కొనండి, దానికయ్యే ఖర్చు ఎక్కువేమీ కాదు. చీరను మాత్రం చిరిగిన మేర వెనక మెత్తని నూలు గుడ్డ వేసి సన్నని కుట్టుతో నిలిపి, పొడవునా మడిచి, గుడ్డ చుట్టిన గుండ్రని కర్ర మీద ఎండ పడని లోపలి గోడ పక్కన వేలాడవేయండి. కర్రను రెండు ఎత్తు పీటల మీద నిలిపినా చాలు, మేకు అక్కరలేదు. ఏడాది పొడవునా అలాగే ఉంచకండి. సంక్రాంతికి నాలుగు రోజులు చూసుకుని, తరువాత గంజి లేని పాత పంచెలో చుట్టి, ప్లాస్టిక్ సంచి గాని జరీకి తగిలేలా కలరా ఉండలు గాని లేకుండా దాచండి. మూడు నెలలకొకసారి తీసి, పాత మడతల మీద కాకుండా కొత్త మడత వేయండి.