బి.కాం అమ్మాయికి ప్రాసెస్ డయాగ్రమ్‌లతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బి.కాం కంప్యూటర్ అప్లికేషన్స్ ఫైనలియర్. కోడింగ్ మీద ఆసక్తి లేదు. కంపెనీల్లో పనులు ఎలా జరుగుతాయో డయాగ్రమ్‌లుగా గీయడం నేర్చుకుంటే బిజినెస్ అనలిస్ట్ ఉద్యోగం ఖాయమని ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు అంటున్నారు. ఫీజు గట్టిగానే ఉంది. బొమ్మలు గీస్తే ఉద్యోగాలిస్తారా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఉద్యోగాలు ఉన్నాయండీ. కాకపోతే జీతం బొమ్మ గీసినందుకు ఇవ్వరు, దాన్ని గీయడానికి ముందు నలుగురినీ అడిగి తెలుసుకున్నదానికి ఇస్తారు. గీయడం వరకే నేర్పే కోర్సుకైతే అంత ఫీజు దండగ. డయాగ్రమ్‌లు గీసే డ్రా.ఐఓ అనే టూల్ ఉచితం, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. బీపీఎంఎన్ అనే గుర్తుల పద్ధతిలో సన్నగీత వృత్తం మొదలు, మందంగీత వృత్తం ముగింపు, మూలలు గుండ్రంగా ఉండే పెట్టె ఒక పని, డైమండ్ దగ్గర దారి చీలుతుంది. ఇవి వారం పది రోజుల్లో చేతికొస్తాయి. 2013 నుంచి ఇది ఐఎస్‌ఓ అంతర్జాతీయ ప్రమాణం కూడా కాబట్టి హైదరాబాద్‌లో గీసింది ఏ దేశపు క్లయింటైనా చదువుకోగలడు. పైగా ఇప్పుడు నాలుగు వాక్యాలు రాసిస్తే ఏఐ కూడా ఫ్లోచార్ట్ ఇచ్చేస్తోంది. అది చెప్పలేనిది ఒకటే: మీ ఊరి ఆఫీసులో ఆ పని నిజంగా ఎలా నడుస్తోందో.

అమ్మాయికి ఈ పని సరిపడుతుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. స్కాలర్‌షిప్ కోసం ఆదాయ ధ్రువపత్రం తీసుకునే ఉంటుంది కదా, దాన్నే గీయమనండి. మొదటిసారి దాదాపు అందరూ ఒకేలా గీస్తారు: మీసేవలో దరఖాస్తు, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణ, తహసీల్దార్ డిజిటల్ సంతకం, చేతికి సర్టిఫికెట్. తిన్నగా ఒకే గీత. అప్పుడు పక్కన కూర్చుని అడగండి. రాసిన ఆదాయం ఆర్‌ఐకి నమ్మశక్యంగా లేకపోతే? అడ్రస్ వేరే మండలంలో ఉంటే? ఫైలు తిప్పి పంపితే అది మీసేవకు వస్తుందా, నేరుగా దరఖాస్తుదారుకి తెలుస్తుందా? తిరస్కరిస్తే కారణం ఎక్కడ నమోదవుతుంది? గడువు దాటినా కదలకపోతే ఎవరు చూస్తారు? ఒక్కో ప్రశ్నకూ ఒక డైమండ్, వెనక్కి తిరిగే ఒక బాణం పుట్టుకొస్తాయి. ఎవరి పని వాళ్ల అడ్డవరుసలో పెట్టాలి, వాటిని లేన్లు అంటారు. బాణం ఒక లేన్ నుంచి ఇంకో లేన్‌లోకి దూకే చోటే సాధారణంగా ఫైలు ఆగిపోయేది. జవాబు తెలియని చోట ఊహించి గీసేస్తోందా, లేక ఫోన్ చేసి కనుక్కుంటోందా అన్నది గమనించండి. రెండోదైతే అమ్మాయి ఈ పనికి పుట్టినట్టే. విసుక్కుంటే మాత్రం బలవంతపెట్టకండి.

మిగతా డయాగ్రమ్‌లలో ఫ్రెషర్‌కి ముఖ్యమైనవి రెండు. డేటా ఫ్లో డయాగ్రమ్‌లో సమాచారం ఎక్కణ్నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో చూపిస్తారు. ఏది ముందు, ఏది వెనక, ఏ షరతు మీద అన్నవి అందులో ఉండవు, కొత్తవాళ్లు తరచూ అక్కడే తడబడతారు. రెండోది 1976లో పీటర్ చెన్ ప్రతిపాదించిన ఈఆర్ డయాగ్రమ్, డేటాబేస్‌లో ఏ పట్టికకు దేనితో సంబంధమో చెబుతుంది. డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే భాష ఎస్‌క్యూఎల్ కాస్తయినా వస్తేనే ఇది ఒంటబడుతుంది. అది కోడింగ్ కిందికి వస్తుందని అమ్మాయి భయపడితే, ఎక్సెల్ ఫార్ములాల కంటే కష్టం కాదని చెప్పండి.

కోచింగ్ వాళ్లు బహుశా చెప్పని సంగతి ఒకటుంది: బి.కాం పిల్లలకు దగ్గరి దారి సాఫ్ట్‌వేర్ వైపు కన్నా ఆడిట్ వైపు ఉంది. అమెరికాలో లిస్టయిన కంపెనీలకు 2002 నాటి సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం, 404వ సెక్షన్ కింద అంతర్గత నియంత్రణలు, అంటే లెక్కల్లో తప్పులు, మోసాలు జరగకుండా పెట్టుకున్న కట్టుబాట్లు, పనిచేస్తున్నాయని చూపించడం తప్పనిసరి. మన కంపెనీల చట్టం 2013 కూడా చాలా కంపెనీల విషయంలో ఆడిటర్లను దీనిపై అభిప్రాయం చెప్పమంటుంది. అందుకని కొనుగోళ్లు, చెల్లింపులు, జీతాలు, అన్నింటికీ ప్రాసెస్ ఫ్లోచార్ట్‌లు కావాలి, ఏటా సరిచూడాలి. హైదరాబాద్‌లోని పెద్ద ఆడిట్ సంస్థల ఆఫీసుల్లోనూ, విదేశీ కంపెనీల సొంత సెంటర్లలోనూ ఈ పని జరుగుతోంది. పర్చేజ్ ఆర్డర్, సరుకు అందినట్టు జీఆర్‌ఎన్, సప్లయర్ ఇన్‌వాయిస్, ఈ మూడూ సరిపోలాకే డబ్బు కట్టాలన్న సంగతి ఇంజినీరింగ్ కుర్రాడికి కొత్తగా చెప్పాలి. మీ అమ్మాయి పుస్తకంలో అది ఎప్పుడో వచ్చేసింది.

బిజినెస్ అనలిస్టుల అంతర్జాతీయ సంఘం ఐఐబీఏ ఇచ్చే ఈసీబీఏ సర్టిఫికెట్ అనుభవం లేనివాళ్ల కోసమే పెట్టారు. మంచిదే, కానీ మొదటి ఉద్యోగం వచ్చాక రాసుకోవచ్చు. ముందు చేతిలో చూపించడానికి ఏదైనా ఉండాలి. తెలిసినవాళ్ల మందుల షాపులో నాలుగు సాయంత్రాలు కూర్చోమనండి. ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ స్టాకును ఎవరు ఏరతారు, డిస్ట్రిబ్యూటర్‌కి ఎలా తిప్పి పంపుతారు, క్రెడిట్ నోట్ రాకపోతే ఎవరికి గుర్తుంటుంది? ఇదంతా ఒక పేజీలో గీసి, ఏ చోట డబ్బు పోతోందో పక్కన రెండు వాక్యాలు రాసి, షాపు పేరు, అంకెలు తీసేసి పీడీఎఫ్ చేసుకుంటే చాలు, ఇంటర్వ్యూలో పది నిమిషాలు దాని మీదే నడుస్తాయి. జాబ్ సైట్లలో బిజినెస్ అనలిస్ట్ అని మాత్రమే వెతికితే ఎక్కువగా అనుభవం అడిగేవే కనిపిస్తాయి. ప్రాసెస్ అసోసియేట్, ఇంటర్నల్ ఆడిట్ అసోసియేట్, రిస్క్ అనలిస్ట్ అని కూడా కొట్టి చూడమనండి.