పెన్నుతో రాసేవి, పెన్సిల్‌తో రాసేవి

కంచరపాలెం,
విశాఖపట్నం.

అమ్మలూ,

యేసయ్య నామంలో నీకు నా వందనాలు. బైబిల్లో లేవీయకాండం చెప్పే ఇశ్రాయేలీయుల పండుగల మీద ఏడు వారాలు యూత్ మీటింగులో చెప్పమని పాస్టరు గారు నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషించాను. రాత్రి పడుకున్నాక కొంచెం భయం కూడా వేసింది. ఆ భయం ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం.

ఎవరి వీడియోలూ చూడకముందే ఇరవై మూడో అధ్యాయం 44 వచనాలూ ఒక్క బిగిన చదువు. అందులో 'నియామక కాలములు' అనే మాట ఉంది చూశావా? దానికి హీబ్రూలో ఉన్న మాట 'మోయెద్'. దేవుడు తన ప్రజలను కలుసుకున్న ప్రత్యక్షపు గుడారం పేరులో ఉన్నదీ ఆ మాటే. అంటే దేవుడు తన ప్రజలను కలుసుకోవడానికి ముందే ఖాయం చేసిన వేళలు ఇవి. ఈ సంగతి మనసులో ఉంటే పండుగలు లెక్కల పుస్తకంలా కనబడవు.

ఐగుప్తు నుంచి విడుదలను గుర్తుచేసే పస్కా పండుగ దగ్గర తొందరపడకు. నిర్గమకాండం 12లో గొర్రెపిల్లను పదో రోజున ఎంచుకుంటారు, పద్నాలుగో రోజు సాయంత్రం వధిస్తారు. మధ్యలో ఆ పిల్ల ఇంటివాళ్ళ మధ్యే ఉంటుంది. ఒకసారి సండే స్కూల్లో ఇది చెబుతుంటే ఒక చిన్నవాడు, "దానికి పేరు పెట్టుకునుంటారా టీచర్?" అని అడిగాడు. నాకు గొంతు పూడుకుపోయింది. ఊళ్ళో మేకపిల్లను పెంచుకున్న వాళ్ళకు ఆ నాలుగు రోజులేమిటో తెలుస్తుంది. నీ క్లాసులో ఆ నాలుగు రోజుల గురించి మాట్లాడించు. ఆ తర్వాతే దాని ఎముక విరవకూడదన్న మాట, యోహాను సువార్త 19లో సైనికులు యేసు కాళ్ళు విరగగొట్టకపోవడం చూపించు. "క్రీస్తు అను మన పస్కా" అని పౌలే రాశాడు కాబట్టి ఇందులో మన ఊహ ఏమీ లేదు.

ఇక నా భయం సంగతి. 2014, 2015 సంవత్సరాల్లో నాలుగు సంపూర్ణ చంద్రగ్రహణాలు వచ్చాయి. రెండు పస్కా సమయంలో, రెండు పర్ణశాలల పండుగ, అంటే ఆకుల పందిళ్ళలో వారం రోజులు గడిపే పండుగ సమయంలో. ఎర్ర చంద్రుడు అంత్య దినాలకు గుర్తని దేశదేశాల్లో ప్రసంగాలు చేశారు. 2014 అక్టోబర్ 8న గ్రహణం, 12న ఆదివారం మన మీద హుద్‌హుద్ తుఫాను! తేదీ లెక్క చూస్తే ఆ వారం సరిగ్గా పర్ణశాలల వారమే. ఒక కూడికలో ఇదంతా కలిపి చెప్పారు. నేను నమ్మేశాను. నా క్లాసులో బోర్డు మీద చివరి గ్రహణం తేదీ, 2015 సెప్టెంబర్ 28, పెద్ద అక్షరాలతో రాశాను. డిగ్రీ చదివే ఒక అబ్బాయి అది చూసి పరీక్ష ఫీజు కట్టలేదు. ప్రభువు వచ్చేస్తుంటే పరీక్ష ఎందుకనుకున్నాడు. సంవత్సరం పోయింది. వాళ్ళింటికి వెళ్ళి వాళ్ళ అమ్మ ముందు క్షమాపణ అడిగాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, టీ ఇచ్చింది. ఆ టీ తాగడం నాకు ఎంత కష్టమైందో! 2025 సెప్టెంబరులో బూరల పండుగకు, అంటే యూదులు ఏడో నెల మొదట బూరలు ఊదే పండుగకు, ప్రభువు వచ్చేస్తాడని ఫోన్లలో వీడియోలు తిరిగినప్పుడు మళ్ళీ ఆ తల్లి ముఖమే గుర్తొచ్చింది.

అప్పటినుంచి నా నోట్సులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. వాక్యం తానే తేటగా చెప్పింది పెన్నుతో రాస్తాను. మనం పోల్చి ఊహించుకున్నది పెన్సిల్‌తో రాస్తాను. చెప్పేటప్పుడు కూడా "ఇది పెన్సిల్ మాట" అని క్లాసుకే చెప్పేస్తాను. నువ్వు కూడా అలాగే చెయ్యి తల్లీ.

ప్రథమ ఫలాల పన, అంటే మొదట కోసిన వెన్నుల కట్ట, పెన్ను మాట. మృతుల్లోనుండి లేచిన క్రీస్తు ప్రథమ ఫలమని 1 కొరింథీయులకు 15లో ఉంది. మీ పిల్లలు పొలం చూసి ఉండరు, కాబట్టి అరకు వైపు గిరిజనుల కొత్తల పండగ గురించి చెప్పు. కొత్త పంటను ముందు సమర్పించి గానీ నోట పెట్టుకోరు. ఇశ్రాయేలులో కూడా యవల మొదటి పన దేవుని ముందు అల్లాడించేదాకా ఆ యేటి గింజ తినకూడదు. ఆ పన, పొలంలో ఇంకా నిలబడి ఉన్న పంట ఒకే చేనువి. మొదటి పన ఎలా వచ్చిందో మిగతా పంటా అలాగే వస్తుంది. ఆప్తులను పోగొట్టుకున్న పిల్లలు నీ ఎదుట కూర్చుని ఉంటారు. ఈ ఒక్క పోలిక వాళ్ళకోసమైనా రెండుసార్లు చెప్పు.

పులియని రొట్టెల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, పౌలు దాన్ని మన నడవడికే వర్తింపజేశాడు.

పెంతెకొస్తు అంటే యాభయ్యో రోజు. అపొస్తలుల కార్యములు 2 పిల్లలకు తెలిసిందే. అయితే ఆ రోజు తెచ్చే రెండు గోధుమ రొట్టెలు పులిసినవి! పులియని రొట్టెల పండుగ వారమంతా ఇంట్లో పులిసిందేదీ ఉంచకూడదన్న దేవుడే వీటిని అడిగాడు. యూదులు, అన్యజనులు కలిసిన సంఘానికి ఇది గుర్తని, సంఘంలో ఇంకా లోపాలు ఉన్నాయి కాబట్టే పులుపు ఉందని కొందరు పెద్దలు చెబుతారు. నాకు చాలా ఇష్టమైన వివరణ. అయినా అది నా నోట్సులో పెన్సిల్‌తోనే ఉంది.

ఆ వెంటనే వచ్చే 22వ వచనాన్ని అందరూ దాటిపోతారు. పంట కోసేటప్పుడు పొలం అంచులు పూర్తిగా కోయవద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టు అని. పండుగల వరుసలో ఇదెందుకు వచ్చింది? పెంతెకొస్తుకూ బూరల పండుగకూ మధ్య పొడవైన ఎండాకాలం ఉంది. ఆత్మ దిగివచ్చిన రోజుకూ బూర మోగే రోజుకూ మధ్య మనం ఉన్న కాలం కూడా అదేనని నేను అనుకుంటాను. పెన్సిల్ మాటే. కానీ ఆ కాలంలో చేయాల్సిన పని మాత్రం పెన్నుతోనే ఉంది. ఆ వారం మీటింగు అయ్యాక పిల్లల్ని రైల్వే స్టేషన్ బయట పడుకునే వలస కూలీల దగ్గరికి భోజనం పొట్లాలతో తీసుకెళ్ళు. ఫోటోలు వద్దు.

ఏడో నెల పండుగల దగ్గర నీకు టెన్షన్ మొదలవుతుంది, ప్రశ్నలన్నీ అక్కడే వస్తాయి. ప్రభువు రాకడలో కడబూర, అంటే చివరి బూర, మోగుతుందన్నది పెన్ను మాట. అది బూరల పండుగ రోజునే మోగుతుందన్నది పెన్సిల్ మాట. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని ప్రభువే చెప్పాడు. ప్రాయశ్చిత్త దినానికి హెబ్రీయులకు 9 చదివించు. ప్రధాన యాజకుడు ప్రజల పాపాల కోసం సంవత్సరానికి ఒక్కసారి రక్తంతో గుడారంలోని అతి పరిశుద్ధ స్థలం లోపలికి వెళ్ళేవాడు, మన ప్రభువు తన సొంత రక్తంతో ఒక్కసారే వెళ్ళాడు. జెకర్యా 12లో ఇశ్రాయేలు ప్రలాపించే మాటను దీనితో కలిపేవాళ్ళు ఉన్నారు, అడిగితే చెప్పు, వాదించకు.

ఒక జాగ్రత్త. ఈ పండుగలు చేయని సంఘాల్ని తక్కువ చేయకు. కొలొస్సయులకు 2 ప్రకారం ఇవి రాబోయేవాటి ఛాయ, నిజస్వరూపం క్రీస్తు. యూదుల్ని గురించి కూడా చులకనగా మాట్లాడనివ్వకు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో మనలాగే తెలుగు మాట్లాడుతూ తాము యూదులమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిము కుటుంబాలు ఈ పండుగలు ఈనాటికీ ఆచరిస్తున్నాయి. వాళ్ళలో ఒకరు వెనక బెంచీలో కూర్చున్నారనుకుని మాట్లాడు.

పర్ణశాలలకు మాత్రం పూర్తి వారం ఉంచుకో. హుద్‌హుద్ రోజు మా ఇంటి రేకులు ఎగిరిపోయాయి. నాలుగు రాత్రులు బరకం కింద పడుకున్నాం. కరెంటు లేదు, ఫోన్లు లేవు. స్లాబు ఇళ్ళవాళ్ళూ మేమూ ఒకే ట్యాంకర్ దగ్గర బిందెలతో నిలబడ్డాం, మూడు ఇళ్ళవాళ్ళం కలిసి ఇటుకల పొయ్యి మీద వండుకున్నాం. విశాఖలో అన్ని చుక్కలు నేను అంతకుముందు చూడలేదు. యూదులు పర్ణశాల పైకప్పు చుక్కలు కనబడేంత పలచగా వేస్తారని తర్వాత చదివి, ఆ బరకం అంచునుంచి చూసిన ఆకాశాన్నే తలుచుకున్నాను. ఆ వారం తుఫాను నుంచి తేదీ లెక్క కాకుండా ఇది నేర్చుకుని ఉంటే ఎంత బాగుండేది! వాక్యము శరీరధారియై మన మధ్య నివసించెను అన్నచోట గ్రీకులో గుడారం వేసుకోవడమనే మాట ఉంది. ఆయన కూడా మన బరకం కిందికే వచ్చాడమ్మా.

చివరి వారం మేడ మీద పర్ణశాల కట్టించు. తాటాకులకు భీమిలి రోడ్డులో మాకు తెలిసినవాళ్ళు ఉన్నారు, వారం ముందు చెబితే ఆటోలో పంపిస్తారు. అందులో కూర్చోబెట్టి యోహాను 7 చదివించు, దప్పిగొన్నవారు నా దగ్గరికి రండని యేసు పిలిచింది ఈ పండుగ చివరి రోజునే. అందరికీ ఒక గ్లాసు మంచినీళ్ళు ఇవ్వు, చాలు.

శనివారం సాయంత్రం ఇంటికి రా, నా నోట్సు ఇస్తాను. పెన్సిల్ గీతలు కొన్ని చెరిగిపోయాయి. రబ్బరుతో నేనే చెరిపినవి అవి, మళ్ళీ రాయకు.

ప్రార్థనలతో,
మీ దొడ్డమ్మ