'క్యాన్సర్‌కు చెక్' అని రాయకు

మైలాపూర్, చెన్నై

చిరంజీవికి,

వ్యాసం అందింది. వాక్యం బాగానే నడుస్తుంది నీకు. కానీ మొదటి పేజీ నిండా మన రోగనిరోధక వ్యవస్థలోని నేచురల్ కిల్లర్ కణాలను సైనికులు, కమాండోలు అంటూ ఊదరగొట్టావు. చివర్లో ఒకే ఒక్క ముక్క: "సైటోకైన్లు అనే రసాయనాలు వీటిని ఉత్తేజపరుస్తాయి." అక్కడే నాకు ఒళ్ళు మండింది. నువ్వు రాయాల్సిన కథంతా అందులోనే ఉంది కదమ్మా!

1975లో స్టాక్‌హోమ్‌లో కీస్లింగ్, ఎవా క్లైన్, విగ్జెల్ ఈ కణాలకు ఆ పేరు పెట్టారు. ముందు పరిచయం లేకుండానే కణితి కణాలను చంపగలవన్నది అప్పటి వింత. నువ్వు ఆ వింత దగ్గరే ఆగిపోయావు. ఇంటర్‌ల్యూకిన్-15 (ఐఎల్-15) అనే సైటోకైన్ అందకపోతే నీ కమాండో బతకనే బతకడు. డెండ్రైటిక్ కణం అనే మరో రోగనిరోధక కణం దాన్ని తన పైనున్న గ్రాహకంతో పట్టుకుని, అమ్మ గోరుముద్ద పెట్టినట్టు, పక్కనున్న కిల్లర్ కణానికి అందిస్తుంది. అప్పుడు లోపల జాక్ ఎంజైములు స్టాట్5 అనే ప్రొటీన్‌ను మేల్కొలుపుతాయి, అది కేంద్రకంలోకి వెళ్ళి బతకడానికి కావలసిన జన్యువులను నడిపిస్తుంది. ఐఎల్-12, ఐఎల్-18 అనే సైటోకైన్లు కూడా తోడైతే ఆ కణం, మిగతా రోగనిరోధక కణాలను ఉసిగొల్పే ఇంటర్‌ఫెరాన్-గామాను దండిగా వదులుతుంది. చాలా కణితుల చుట్టూ, ఈ కణాలను అణిచేసే టీజీఎఫ్-బీటా అనే సైటోకైన్ పోగుపడి ఉంటుంది. అక్కడికి చేరిన కిల్లర్ కణం మీద శత్రువును పసిగట్టే ఎన్‌కేజీ2డీ గ్రాహకాలు తగ్గి, అది మొద్దుబారిపోతుంది. యుద్ధం భాషలో ఇదంతా ఎలా చెప్తావు?

ఇవి రాస్తే ఎడిటర్లు వేయరంటావు. తెలుసు. ఒకప్పుడు ఓ ఆదివారం అనుబంధానికి ఐఎల్-2 అనే సైటోకైన్ మందు గురించి రాశాను. అమెరికాలో 1992లో కిడ్నీ క్యాన్సర్‌కూ, 1998లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కూ దానికి అనుమతి వచ్చింది. కొద్దిమందిలో కణితులు పూర్తిగా కరిగి, ఏళ్ళ తరబడి తిరిగి రాలేదు. కానీ పెద్ద మోతాదులో ఇస్తే రక్తనాళాల్లోంచి ద్రవం కారి బీపీ పడిపోతుంది. పైగా రోగనిరోధక వ్యవస్థను అణిచి ఉంచే రెగ్యులేటరీ టీ కణాలకే అది ముందుగా అందుతుంది. ఎడిటరు గారు ఈ పేరా మొత్తం కోసేసి, "క్యాన్సర్‌కు ఇక చెక్!" అని శీర్షిక తగిలించారు. ఆ వారమే నా నంబరు సంపాదించి ఒకాయన ఫోన్ చేశాడు. నెల్లూరు మనిషి. భార్యను అడయార్‌లో ఆసుపత్రిలో చేర్చి బయట కూర్చున్నాడట. "ఆ ఇంజెక్షన్ ఏ షాపులో దొరుకుతుంది సార్?" అన్నాడు. ఆయనకు కావలసిన జవాబు ఆ కోసేసిన పేరాలో ఉంది. అందుకే మోతాదు ఎంత, ఎవరికి పని చెయ్యలేదు అన్నవి లేకుండా ఏ చికిత్స గురించీ రాయకు.

నువ్వు అద్భుతమన్న 2020 నాటి హ్యూస్టన్ ప్రయోగమే చూడు, జన్యువులు మార్చిన కిల్లర్ కణాలను క్యాన్సర్ రోగులకు ఎక్కించినది. 11 మందిలో 8 మంది చికిత్సకు స్పందించారు. నువ్వు "8 మందికి నయమైంది" అని రాసేశావు. వాళ్ళలో కొందరికి తర్వాత వేరే చికిత్సలు కూడా ఇచ్చారు. పైగా అవన్నీ లింఫోమా, లుకేమియా అనే రక్త క్యాన్సర్ రకాలు, గట్టి కణితులు కావు. ఇంకో సంగతి, ఎక్కించిన ఆ కిల్లర్ కణాలకు ఐఎల్-15ను తామే తయారుచేసుకునే జన్యువును కూడా జోడించారు. నీ వ్యాసంలో ఆ ఊసే లేదు!

నువ్వు వేద్దామంటున్న పుస్తకం సంగతి తర్వాత చూద్దాం. మొదటి పేజీ తీసేసి, ఐఎల్-15తో మొదలుపెట్టి మళ్ళీ రాయి. ఈసారి టైప్ చేసి పంపు, ఫోన్‌లో ఫొటోలు తీసి పంపితే నా కళ్ళకు ఆనడం లేదు.

ఆశీస్సులతో.