రెరా నంబరు చేతికొచ్చేలోపు

బెంగళూరు

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య దీవించి రాయునది. ఉభయకుశలోపరి.

ఉద్యోగం మానేసి రియల్ ఎస్టేట్ ఏజెంటుగా పని మొదలుపెడతానన్నావు. లైసెన్స్ రావడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగావు. ముందు లెక్క చెప్పేస్తాను. కాగితాలు సరిచేసుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు, అప్లికేషన్ నింపడానికి ఒక పూట, రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ వాళ్లు పరిశీలించడానికి నిబంధనల ప్రకారం 30 రోజులు. మధ్యలో ఏదైనా లోపం చూపించి వెనక్కి పంపితే ఇంకో నెల. రెండు నెలలు అనుకో, మూడు నెలలకు సిద్ధపడి ఉండు. ఇందులో రెరా ఆఫీసు తీసుకునేది సగమే. మిగతా సగం నీ పాన్ కార్డు, ఆధార్, అడ్రసు కాగితాల దగ్గరే కరిగిపోతుంది.

మనం లైసెన్స్ అంటాం గానీ చట్టంలో దాని పేరు రిజిస్ట్రేషన్. 2016లో వచ్చిన రెరా చట్టంలోని 9వ సెక్షన్ అది. 2017 మే 1 నుంచి అమల్లో ఉంది. కర్ణాటక నిబంధనలు అదే ఏడాది జులైలో వచ్చాయి. రెరాలో నమోదైన ప్రాజెక్టులో ఫ్లాటు గానీ ప్లాటు గానీ అమ్మించాలంటే ఈ నంబరు ఉండాలి. కమీషన్ అని పేరు పెట్టినా, ఫీజు అన్నా, వాట్సాప్‌లో ఇద్దరిని కలిపి ఊరుకున్నా, డబ్బు తీసుకుంటే నువ్వు ఏజెంటువే. నంబరు లేకుండా చేస్తే రోజుకు 10,000 రూపాయల జరిమానా, మొత్తం మీద ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా వెళ్లొచ్చు. 80 లక్షల ఫ్లాటు మీద అది 4 లక్షలు. నీకొచ్చే కమీషన్ 2 శాతం అనుకున్నా లక్షా అరవై వేలే. "నంబరు వచ్చేలోపు నా పేరు మీద ఒకటి రెండు బుకింగులు చేసుకో" అని ఎవరైనా అంటే ఈ లెక్క గుర్తు తెచ్చుకో.

చట్టంలో పరీక్ష లేదు, ఫలానా చదువు ఉండాలనీ లేదు. మహారాష్ట్ర మాత్రం 2023లో ఏజెంట్లకు 20 గంటల శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. ఏ రాష్ట్రమైనా ఇలాంటివి సర్క్యులర్‌తో పెట్టుకోవచ్చు కాబట్టి, ఫీజు కట్టే రోజు పొద్దున కర్ణాటక రెరా పోర్టల్‌లో సర్క్యులర్ల పేజీ ఒకసారి చదువు.

ఇక కాగితాలు. మన తెలుగువాళ్లకు మొదటి దెబ్బ ఇంటిపేరు దగ్గరే తగులుతుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. పాన్ వాళ్లు పొడి అక్షరం ఒప్పుకోరు కాబట్టి అందులో పూర్తిగా, ఒక్కోసారి పేరు చివర ఉంటుంది. నీ సంగతి ఇంకా చిక్కు: పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తింటి పేరు ఎక్కించుకున్నావు, పాన్‌లో పుట్టింటి పేరే ఉండిపోయింది. అప్లికేషన్ పరిశీలించేవాడికి ఇవి ఇద్దరు మనుషుల పేర్లు. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు, నువ్వు ఒకసారి వాడేశావు. అందుకని పాన్‌నే మార్చు. పెళ్లి సర్టిఫికెట్ జతచేసి ఆన్‌లైన్‌లో పెడితే నూరు రూపాయల పైచిలుకు ఖర్చు, రెండు మూడు వారాల పని. కొత్త పాన్ వచ్చాక బ్యాంకు ఖాతాలో కూడా అదే పేరు పెట్టించు. లేకపోతే రెరా నంబరు వచ్చినా బిల్డరు పంపే కమీషన్ దగ్గర మళ్లీ ఇదే తంటా. ఈ పని నువ్వు ఇవాళే మొదలుపెట్టాలి. మిగతావన్నీ దీని వెనకే నడుస్తాయి.

రెండోది ఆఫీసు అడ్రసు. సొంత ఆఫీసు అక్కర్లేదు, మారతహళ్లిలో మీ అద్దె ఇల్లే చూపించొచ్చు. అయితే అగ్రిమెంటు మీ ఆయన ఒక్కడి పేరు మీదే ఉందేమో చూడు. ఉంటే ఓనరుతో మాట్లాడి, ఇద్దరి పేర్లతో కొత్త అగ్రిమెంటు స్టాంపు పేపరు మీద రాయించు. ఈ చిరునామాతో ఏజెంటు పని చేసుకోవడానికి అభ్యంతరం లేదని ఓనరు సంతకంతో ఒక కాగితం, తాజా బెస్కామ్ కరెంటు బిల్లు దానికి జతచెయ్యి. 11 నెలల అగ్రిమెంటు ఇంకో నెలలో ముగిసేదైతే దాన్ని పంపకు, పునరుద్ధరించాకే పంపు.

గత మూడేళ్ల ఆదాయపన్ను రిటర్నులు అడుగుతారు. నీకు జీతం ఉంది కాబట్టి ఉండే ఉంటాయి. ఏదైనా ఏడాది వెయ్యకపోతే, ఎందుకు వెయ్యాల్సిన అవసరం లేకపోయిందో డిక్లరేషన్ ఇవ్వాలి. ఫోటో, పాన్, ఆధార్, ఏవైనా కేసులుంటే వాటి వివరం, వేరే రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఉంటే దాని నంబరు కూడా కావాలి. స్కాన్ చేసేటప్పుడు ఫోనుతో వంకరగా తీసిన ఫోటోలు పెట్టకు. మడతలో అక్షరం పోయిందని వెనక్కి పంపిన అప్లికేషన్లు కొల్లలు.

ఫీజు కర్ణాటకలో వ్యక్తికి 25,000 రూపాయలు, కంపెనీకో పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కో అయితే 2 లక్షలు. నీ స్నేహితురాళ్లు ఇద్దరు కలిసి ఫర్మ్ పెడదామంటున్నారని రాశావు. ఇప్పుడే వద్దు. ముగ్గురూ విడివిడిగా కట్టుకుంటే 75,000తో అయిపోతుంది, ఏడాది తిరిగాక ఎవరు నిలబడ్డారో చూసుకుని ఫర్మ్ సంగతి ఆలోచించొచ్చు. రిజిస్ట్రేషన్ అయిదేళ్లు చెల్లుతుంది. గడువు తేదీకి మూడు నెలల ముందే రెన్యువల్ అప్లికేషన్ చేరిపోయేలా ఇప్పుడే ఫోనులో గుర్తు పెట్టుకో.

అప్లికేషన్, అంటే ఫారం జి, నువ్వే కూర్చుని నింపు. అయిదు వేలో పది వేలో ఇస్తే అంతా చూసుకుంటామనేవాళ్లు చాలామంది ఉంటారు. డబ్బు పోతే పోయిందనుకోవచ్చు. అసలు నష్టం వేరే ఉంది. వాళ్లు పోర్టల్‌లో తమ ఈమెయిల్, తమ ఫోను నంబరు పెట్టేస్తారు. రెరా వాళ్లు లోపం ఉందని అడిగిన సందేశం వాళ్లకు వెళుతుంది, నీకు తెలియదు. గడువులోపు జవాబు వెళ్లక అప్లికేషన్ తిరస్కరించేదాకా వస్తుంది. అయిదేళ్ల తర్వాత రెన్యువల్‌కు లాగిన్ కావాలన్నా వాళ్ల గుమ్మం ముందే నిలబడాలి. నీ మెయిల్, నీ నంబరు పెట్టి రోజు విడిచి రోజు స్టేటస్ చూసుకో. లోపం అడిగిన రోజే జవాబు పంపు.

30 రోజులు గడిచినా లోపం ఉందనో తిరస్కరించామనో కబురు రాకపోతే రిజిస్టర్ అయినట్టే అని చట్టం చెబుతుంది. కానీ బిల్డరుకు నంబరు కావాలి, చట్టంలో వాక్యం పనికిరాదు. అక్నాలెడ్జ్‌మెంట్ ప్రింటు, ఫీజు రసీదు పట్టుకుని మిషన్ రోడ్డులో సీఎస్‌ఐ కాంపౌండ్‌లో, యూనిటీ బిల్డింగ్ వెనక ఉన్న రెరా ఆఫీసుకు వెళ్లు. నెమ్మదిగా అడుగు, ఏ టేబుల్ దగ్గర ఆగిందో తెలిస్తే చాలు. సర్టిఫికెట్ వచ్చాక అందులో 'ఏజీ' అన్న అక్షరాలున్న పొడవాటి నంబరు ఉంటుంది. దాన్ని ఆఫీసులో కనబడేలా పెట్టాలి, నువ్వు వేసే ప్రతి ప్రకటనలో, వాట్సాప్ పోస్టులో కూడా రాయాలి.

ఆ నంబరు కర్ణాటక వరకే. మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. ఎలక్ట్రానిక్ సిటీలో ఉండి హోసూరు ప్లాట్లు అమ్ముతారు. అత్తిబెలె దాటితే తమిళనాడు, ఆ రాష్ట్ర రెరాలో విడిగా నమోదు కావాలి. హైదరాబాదు ఫ్లాట్లు ఇక్కడి తెలుగువాళ్లకు చూపించాలంటే తెలంగాణ నంబరు, సొంతూరి వైపు ప్రాజెక్టులకు ఆంధ్రప్రదేశ్ నంబరు. మొదటి ఏడాది ఒక్క రాష్ట్రమే చాలు.

ఎదురుచూసే రెండు నెలలు ఖాళీగా కూర్చోకు. ఇల్లు అద్దెకు ఇప్పించడానికి రెరా అక్కర్లేదు, చట్టం అమ్మకాల గురించి. ఎవరో తమ సొంత పాత ఫ్లాటు తిరిగి అమ్ముకుంటుంటే అది బిల్డరు అమ్మకం కాదు కాబట్టి 9వ సెక్షన్ కిందకు రాదు. నీ కాలనీలో అద్దె ఇళ్లతో మొదలుపెట్టు. ఓనర్ల పరిచయం, మనుషులు బేరం చేసే తీరు, చెప్పిన టైముకు తాళం చెవి తెచ్చివ్వడం, అన్నీ అక్కడే అలవాటవుతాయి.

దానికంటే ముఖ్యం, కన్నడం చదవడం నేర్చుకో. మాట్లాడటం వచ్చు కదా అనకు. క్రయపత్రాలు, పహణీలు (భూమి రికార్డులు) చాలావరకు కన్నడంలోనే ఉంటాయి. లిపి మన లిపికి తోబుట్టువు, రోజుకు అరగంట బస్సు బోర్డులు చదివితే మూడు వారాల్లో పట్టుబడుతుంది. ఋణభార ప్రమాణపత్ర అంటే ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), భూ పరివర్తనె అంటే వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చిన ఉత్తర్వు, చెక్కుబంది అంటే మన హద్దులే.

ఈసీ ఎలా చదవాలో ఒకసారి దగ్గరగా చూడు. రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ల కావేరి పోర్టల్‌లో తీసుకుంటే లావాదేవీలున్నదానికి ఫారం 15, ఏమీ లేనిదానికి ఫారం 16 వస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికేవి 2004 ఏప్రిల్ నుంచి. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి తీసుకోవాలి, 30 ఏళ్లవి తీయించు. ఫారం 15లో ఒక్కో వరుసా వేలు పెట్టి చదువు. మొదటి వరుసలో కొన్నవాడే రెండో వరుసలో అమ్మినవాడు కావాలి. మధ్యలో కొత్త పేరు ఊడిపడితే ఆగు. తాకట్టు అని ఒక వరుస ఉంటే, కింద ఎక్కడో దాని విడుదల ఉండాలి. సర్వే నంబరు ఒక చోట 45/1 అని, ఇంకో చోట 45/2 అని ఉంటే టైపింగు తప్పని సర్దుకుపోకు, అది పక్కవాడి భూమి కావచ్చు. నాలుగు హద్దులూ క్రయపత్రంలోవాటితో పోల్చు. ఇంకొకటి, ఈసీలో రిజిస్టరైనవే కనబడతాయి. వీలునామా, అక్కచెల్లెళ్ల వాటా, నోటిమాట ఒప్పందం ఏదీ కనబడదు. అందుకే ఈసీ శుభ్రంగా ఉన్నా కొనేవాళ్లను లాయరు దగ్గరకు పంపడం మానకు.

ఖాతా, అంటే కార్పొరేషన్‌లో ఉండే ఆస్తిపన్ను రికార్డు, దాని సంగతి కూడా ఇంతే. 2024 అక్టోబరు నుంచి బెంగళూరు నగరంలో ఇ-ఖాతా (దాని డిజిటల్ రూపం) లేకుండా రిజిస్ట్రేషన్ నడవడం లేదు. అనుమతులు సరిగా లేని ఆస్తులకిచ్చే బి ఖాతా ఉంటే దాని మీద చాలా బ్యాంకులు లోన్ ఇవ్వవు. 2025 సెప్టెంబరు నుంచి నగరపాలిక బీబీఎంపీ స్థానంలో అయిదు కార్పొరేషన్లు వచ్చాయి, పాత కాగితాల మీద పాత పేరే ఉంటుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. హైదరాబాదు అలవాటుతో "తర్వాత ఎల్‌ఆర్‌ఎస్ కట్టి క్రమబద్ధం చేసుకోవచ్చు" అని ఇక్కడి రెవెన్యూ సైటు (అనుమతి లేకుండా వ్యవసాయ భూమిలో వేసిన ప్లాటు) ఎవరికీ చూపించకు. ఆ ఆశ మీద కొన్నవాళ్ల సొమ్ము ఇరుక్కుపోతుంది, నీ మాట నమ్మి కొన్నామనే అంటారు.

కొలతలు నోటికి రావాలి. ఇక్కడ 30-40 సైటు అంటే 1,200 చదరపు అడుగులు, మన లెక్కలో 133 గజాల పైన. గుంట 1,089 అడుగులు, అంటే 121 గజాలు, 40 గుంటలైతే ఎకరం. ధర అడుగుకు చెప్పారా గజానికి చెప్పారా అన్నది మొదటి ఫోనులోనే తేల్చుకో, రెంటికీ తొమ్మిదింతల తేడా.

మొదటి బుకింగ్ దగ్గర డబ్బు సంగతి దాచకుండా చెప్పు. 80 లక్షల కొత్త ఫ్లాటుకు స్టాంపు డ్యూటీ, సెస్సులు, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి నగరంలో 7.6 శాతం, 6,08,000 రూపాయలు. కడుతూ ఉన్న బిల్డింగు అయితే జీఎస్‌టీ 5 శాతం, ఇంకో 4 లక్షలు. ఈ పది లక్షలు ముందు చెప్పకపోతే బేరం అగ్రిమెంటు దగ్గర విరుగుతుంది, నెల తిరుగుడు వృథా. 1,500 అడుగులని బ్రోచరులో ఉంటే అది సూపర్ బిల్టప్, అంటే మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి జాగాలో వాటా కూడా కలిపిన లెక్క. గోడల లోపల వాడుకునే కార్పెట్ ఏరియా తరచూ వెయ్యికీ పదకొండు వందలకూ మధ్యే ఉంటుంది. రెండూ కాగితం మీద రాసిచ్చు.

ప్రీ లాంచ్ అని బిల్డర్లు ఆశ పెడతారు, కమీషన్ కూడా ఎక్కువ చెబుతారు. ప్రాజెక్టుకు రెరా నంబరు రాకముందు ప్రకటన వెయ్యకూడదు, చెక్కు తీసుకోకూడదు, అది ఏ పేరుతో తీసుకున్నా అంతే. అలాంటిదాంట్లో నువ్వు తలదూర్చకూడదని 10వ సెక్షన్ నేరుగా చెబుతుంది. నంబరున్న ప్రాజెక్టులోనైనా అగ్రిమెంటు రిజిస్టరు కాకముందు బిల్డరు 10 శాతం మించి తీసుకోకూడదు. కొనేవాళ్ల డబ్బు ఒక్క రూపాయి కూడా నీ ఖాతాలో వేయించుకోకు, టోకెన్ అయినా సరే.

కమీషన్ కూడా బుకింగ్ రోజే రాదు. అగ్రిమెంటు అయి, బ్యాంకు లోన్ మొదటి విడత పడ్డాక రెండు మూడు నెలలకు వస్తుంది. 1,60,000కు 2 శాతం టీడీఎస్ పోను 1,56,800 చేతికొస్తుంది. ఏడాది కమీషన్లు 20 లక్షలు దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. నంబరుకు రెండు మూడు నెలలు, మొదటి బేరానికి మూడు నాలుగు నెలలు, ఆ డబ్బు రావడానికి ఇంకో మూడు. ఎనిమిది నుంచి పది నెలల ఇంటి ఖర్చు పక్కన లేకుండా రాజీనామా ఇవ్వకు. ఉద్యోగంలో ఉండగానే అప్లికేషన్ పెట్టు. మీ కంపెనీ నియామక పత్రంలో వేరే పని చెయ్యకూడదని రాసి ఉందేమో మాత్రం ముందు చూసుకో.

ఈ ఆదివారంలోపు నీ పాన్, ఆధార్, అద్దె అగ్రిమెంటు మొదటి పేజీ పంపు. మూడింట్లో పేరు అక్షరం అక్షరం సరిచూసి ఏది ముందు మార్చాలో రాస్తాను.

ఇట్లు
నీ మామయ్య