నల్ల ఇసుక అంతా కాలుష్యమేనా?

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో మా పిల్లలు మూర లోతు తవ్వినా ఇసుక మామూలుగానే ఉంటుంది. భీమిలిలో గోస్తనీ కలిసే చోట మాత్రం రెండు వేళ్ళ లోతులోనే నల్లగా, కుళ్ళిన గుడ్డు వాసనతో ఉంది. కాలుష్యమేనా? అలలు దంచే ఇసుకలో అసలు జీవులు బతుకుతాయా?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: వాసన ఒక్కటే చూసి కాలుష్యం అనేయకండమ్మా. మురుగు కలిస్తే నలుపు ఇంకా పైకి వస్తుంది, నిజమే. కానీ మీరు చూసిన తేడా చాలావరకు నీటి కదలిక వల్ల వచ్చింది. అల కొట్టే ఒడ్డున సన్న మన్ను నిలవదు, ముతక ఇసుకే మిగులుతుంది. రేణువుల సందుల్లోకి ప్రతి అలా నీటితోపాటు ఆక్సిజన్‌నూ దింపుతుంది. ఏటి మొగలో నీరు నెమ్మది కాబట్టి ఒండ్రు, కుళ్ళే ఆకులు చేరి సందులు పూడిపోతాయి. కింద ఆక్సిజన్ అయిపోగానే అక్కడి బ్యాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేట్‌తో బతుకుతూ హైడ్రోజన్ సల్ఫైడ్‌ వదులుతాయి. వాసన దానిదే. అది ఇనుముతో కలిస్తే నలుపు. ఆ ముద్దని గాలికి ఉంచండి, కాసేపటికి నలుపు తగ్గిపోతుంది. భీమిలి ఇసుక పైన కనిపించే నల్ల చారలు వేరు సుమా! అవి ఇల్మెనైట్ లాంటి బరువైన ఖనిజాలు. వాసన రాదు, రంగు మారదు.

ఇక రెండో ప్రశ్న. బతకడమేమిటి, గుప్పెడు తడి ఇసుకలో ఓ ఊరే ఉంటుంది! పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు అనే శాస్త్రవేత్తలు వాల్తేరు (మన విశాఖే) తీరపు ఇసుక జీవుల మీద 1962లోనే పరిశోధన వ్యాసం ప్రచురించారు. ఇవి మిల్లీమీటరు కన్నా చిన్నవి. గ్యాస్ట్రోట్రిక్‌లనే పురుగుల్లాంటి జీవులకు ఒంటి మీద జిగురు గొట్టాలుంటాయి, అల రాగానే రేణువుకి అతుక్కుంటాయి. కోపెపాడ్‌లు, అంటే రొయ్యల దూరపు చుట్టాలు, సందుల్లో దూరేలా దారంలా సన్నగా ఉంటాయి. నాకు మాత్రం డయాటమ్‌లంటే, అంటే ఒకే కణముండే నాచంటేనే ముచ్చట. మైక్రోస్కోప్ కింద చూస్తే రేణువు అంచులు అరిగి నున్నగా, గుంటల్లో మాత్రం బంగారు రంగు కణాలు కనిపిస్తాయి. రేణువులు ఒకదాన్నొకటి రాసుకున్నా గుంటలో ఉన్నవి బతికిపోతాయి. నీరు నెమ్మదిగా ఉన్నచోట ఉండేవి వేరే రకాలు. అవి పాకుతాయి, పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, పైకొచ్చి గోధుమరంగు పొర కడతాయి.

పిల్లలకి చూపించాలంటే తడి ఇసుకని కుళాయి నీళ్ళలో కొన్ని సెకన్లు తిప్పండి. ఉప్పు లేని నీటికి రేణువుల్ని పట్టుకున్న చిన్న జీవులు పట్టు వదిలేస్తాయి. పైనీటిని పళ్ళెంలోకి ఒంపి వెంటనే చూడండి, ఆలస్యమైతే చచ్చిపోతాయి. ఇసుక తేవడానికి పాటు వేళే వెళ్ళండి. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలున్నాయి, పిల్లల్ని నీళ్ళలోకి దిగనివ్వకండి.